నేతవీధి రుచి పుస్తకం

మంగళవారం ఉదయం పదకొండు గంటలకు శ్రీరామచంద్రమూర్తిగారు చౌడేశ్వరి ఇంట్లోకి అడుగుపెట్టారు. రెండో అడుగు మగ్గం గుంటలో పెట్టారు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. గుమ్మం బయట చెప్పులు విడిచారు. లోపల నేల మీద తాటాకు చాప పరిచి ఉంది. చాప పరిచారంటే వచ్చినవాళ్లు కూర్చోవడానికేనని, హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి అనుకోవడంలో వింత లేదు. రెండు చేతులూ జోడించి, "నమస్కారమమ్మా, దోసెడు బియ్యం సంఘం నుంచి..." అంటూ చాప మీద కాలు మోపారు. చాప కింద నేల లేదు. నడుము లోతు గుంట ఉంది. మరుక్షణంలో ఆయన సగమే కనిపిస్తున్నారు. జోడించిన చేతులు మాత్రం జోడించినట్టే ఉన్నాయి. కుడికాలు చీలమండ దాకా చల్లటి నీళ్లలో ఉంది. ఎడమకాలు దోసకాయల గంపలో ఉంది.

"...వచ్చాను," అన్నారాయన. మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో వదిలేసే అలవాటు ఆయనకు లేదు.

పొయ్యి దగ్గరి నుంచి చౌడేశ్వరి తొంగి చూసింది. యాభై నాలుగేళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా, చేతిలో గరిటెతో. ఏమాత్రం కంగారు పడలేదు.

"కదలకండి సారూ. పక్కన వంకాయలున్నాయి."

ఆ గుంట కథ చెప్పుకోవాలి. నేతగాడు గుంటలోకి కాళ్లు వదిలి కూర్చుని, కాళ్లతో కింద పలకలు తొక్కుతూ, చేతులతో పైన నేస్తాడు. కంకిపాడు దాటి కాలవగట్టున ఎడమవైపు తిరిగితే వచ్చే ఈ నేతవీధిలో ప్రతి ఇంటా అలాంటి గుంట ఉంది. కాలవలకు నీళ్లు వదిలారంటే ఊరంతా సంబరపడుతుంది, ఎందుకంటే వరినాట్లు మొదలవుతాయి. నేతవీధి మాత్రం గుంటల్లోకి చూసుకుంటుంది. భూమిలోంచి ఊట ఎక్కి గుంట అడుగున నీళ్లు నిలుస్తాయి. పైన వానలు. గంజి పెట్టిన పడుగు దారం ఆరదు. చుట్టూ ఎటు చూసినా వరిచేలు పచ్చగా కళకళలాడే ఆ నాలుగు నెలలే ఈ వీధిలో బియ్యం డబ్బాల అడుగు కనపడే నెలలు.

చౌడేశ్వరి మొగుడు వెంకటప్పయ్య మగ్గం విప్పేసి మూడేళ్లయింది. ఆటోనగర్లో లారీ సీట్లకు కవర్లు కుట్టే షాపులో చేరాడు. మనుషులు కట్టుకునేవి నేసిన చెయ్యి ఇప్పుడు కూర్చునేవి కుడుతోంది. ఖాళీ గుంటలో చల్లగా ఉంటుందని చౌడేశ్వరి ఇటుకలు పేర్చి, వాటి మీద కూరగాయల గంపలు పెట్టి, పైన చాప కప్పింది. వీధిలో వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. మూర్తిగారు వీధిలో వారు కాదు.

పైకి లాగాక ఆయన ప్యాంటు ఉతికి దండెం మీద ఆరేసి, వెంకటప్పయ్య గళ్ల లుంగీ ఒకటి ఇచ్చింది. ఆ విధంగా, విచారణకు వచ్చిన అధికారి లుంగీ కట్టుకుని పీట మీద కూర్చున్నారు.

విచారణ దేని గురించంటే, ఫిర్యాదుల గురించి.

విజయవాడ సత్యనారాయణపురంలో కొందరు మేష్టర్లు, ఆఫీసుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లు, వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు కలిసి పెట్టుకున్నది దోసెడు బియ్యం సంఘం. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక దోసెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. నెలకోసారి ఆ డబ్బాలన్నీ కలిపి, కందిపప్పు జోడించి, పనుల్లేని రోజుల్లో అయిదు చోట్ల వంటకు పంపుతారు. చౌడేశ్వరి పొయ్యి అందులో ఒకటి. పద్దెనిమిది ఇళ్లకు రోజూ మధ్యాహ్నం కేరేజీలు. ప్రతి చోటా ఒక పుస్తకం ఇచ్చారు. పైన 'మీ అభిప్రాయం' అని అచ్చు వేయించారు. మిగతా నాలుగు చోట్ల నుంచీ వందనాలు, ఆశీర్వచనాలు, ఒకచోట నుంచి పద్యం కూడా వచ్చాయి. నేతవీధి పుస్తకంలో ఇలా ఉంది:

'పప్పులో ఉప్పు తగ్గింది. పుల్లయ్య.'

'అన్నం బిరుసు. పళ్లు లేనివాళ్లు ఉన్నారని గుర్తుంచుకోవాలి. అమలమ్మ.'

'కారం ఎక్కువ. నాగదుర్గ.'

'చారులో చింతపండు కనపడింది. పులుపు కనపడలేదు. పుల్లయ్య.'

'నిన్నటి మీద నయం. అంటే బాగుందని కాదు. పుల్లయ్య.'

మూడు నెలలు, పద్దెనిమిది ఇళ్లు, ఒక్క మంచి మాట లేదు. సంఘం కార్యదర్శి జయదేవ్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే ప్రతిదీ తేలిపోవాలంటాడు. "మాస్టారూ, వాళ్లకి నచ్చట్లేదు. నచ్చని తిండి ఎందుకు పెట్టడం? మైలవరం వైపు నుంచి మాకు పంపండి, మాకు పంపండి అని అడుగుతున్నారు. మీరోసారి వెళ్లి చూసి రండి. ఆదివారం మీటింగులో తేల్చేద్దాం," అన్నాడు.

తేల్చేయడమంటే ఏమిటో మూర్తిగారికి తెలుసు. పద్దెనిమిది ఇళ్ల కేరేజీలు ఆగిపోతాయి. కార్తీకం దాకా ఊట దిగదు. బస్సులో కూర్చుని పుస్తకం రెండుసార్లు చదివారు. వంట నిజంగా అంత ఘోరమా? ఘోరమైతే ఒక్క రోజు కూడా ఒక్క కేరేజీ అయినా మిగిలినట్టు లేదేం? ఎండాకాలం సెలవుల్లో కూడా పిల్లలు బడికి ఎందుకు వస్తున్నారో కనిపెట్టే రకం మనిషి ఆయన. లెక్క కుదరకపోతే నిద్రపట్టదు.

"ముందు భోంచెయ్యండి. తరవాత అడుగుదురుగాని," అని చౌడేశ్వరి కంచం పెట్టింది. దోసకాయ పప్పు, వేయించిన ఊరమిరపకాయలు, మజ్జిగ.

మూర్తిగారు పప్పు కేసి చూశారు. "అమ్మా, ఈ దోసకాయలు..."

"మీరు తొక్కినవి గేదెకేశానండీ."

"మంచిపని చేశారు," అని ముద్ద కలిపారు.

తిన్నారు. రెండో ముద్ద తిన్నారు. దోసకాయ ముక్క ఉడికీ ఉడకనట్టు, పంటికింద పలికీ పలకనట్టు ఉంది. ఇంగువ వాసన ముక్కుకి తగిలి మాయమవుతోంది. అప్పటికి కేరేజీలు తీసుకుపోవడానికి జనం గుమ్మం ముందు చేరారు. ఆయన నిజాయితీపరుడు, అదే చిక్కు. తలెత్తి, క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతుతో అన్నారు:

"అద్భుతంగా ఉందమ్మా! ఇంత మంచి పప్పు తిని ఎన్నాళ్లయిందో!"

గుమ్మం దగ్గర చప్పుడు ఆగిపోయింది. ముందున్న పెద్దాయన, అంటే పుల్లయ్య, కేరేజీ పుచ్చుకోబోయిన చెయ్యి గాల్లో ఆపేశాడు. వెనకాల ఉన్న ముసలామె అమలమ్మ ఈయన గళ్ల లుంగీ కేసీ, మడమకి అంటిన మట్టి కేసీ చూసి, పక్కావిడతో గొంతు తగ్గించి అంది. తగ్గించానని ఆవిడ అనుకుంది అంతే.

"పాపం. తిని ఎన్ని రోజులైందో ఏమిటో!"

"ఏ ఊరో?"

"ఏ ఊరైతే ఏం, ఆకలి మీదున్నాడు. చూడు, ఎంత బాగుందంటున్నాడో."

ముప్ఫయ్యేళ్లు నిండని పిల్ల, నాగదుర్గ, ముందుకొచ్చింది. తన కేరేజీ పైగిన్నె మూత తీసి, అన్నం ఒక గరిటెడు ఆయన కంచంలో వేసింది. "తినండి సార్. మొహమాటపడకండి," అంది.

వద్దనడానికి నోట్లో ముద్ద ఉంది. మింగి వద్దనేసరికి ఆ పిల్ల వెళ్లిపోయింది. మూర్తిగారు తన జీవితంలో ఎన్నో బహుమతి ప్రదానాలు చేశారు గాని, ఇలా పుచ్చుకోవడం మొదటిసారి. కంచంలో ఒక్క మెతుకు మిగల్చలేదు.

తిన్నాక పుల్లయ్య వెంట నడిచారు. పుల్లయ్యకి డెబ్బై దాటాయి. ఇంట్లో ఆయనా, మంచాన ఉన్న భార్యా. ఆమెకి ముందు మెత్తగా కలిపి తినిపించి, తాను పీట వాల్చుకు కూర్చున్నాడు. కేరేజీ విప్పాడు. ఒక మెతుకు తీసి, పోగు చూసినట్టు వెలుగుకి పట్టి చూశాడు. తరవాత కలుపుకుని, ఎక్కడా తొందరపడకుండా, అడుగు దాకా తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, "ఉప్పు తగ్గింది," అన్నాడు.

"పెద్దాయనా, ఉప్పు చూడ్డానికి అంతా తినాలా?" మూర్తిగారు ఉండబట్టలేక అడిగారు.

"చీర కొనేవాడు కొంగు ఒక్కటీ చూసి కొంటాడా అండీ? మడతలు విప్పి ఆ చివర దాకా చూడొద్దూ? మధ్యలో ఎక్కడ పోగు తెగిందో ఎవడికి తెలుసు!"

"నిజంగా తగ్గిందా?"

పుల్లయ్య ఆయన్ని తేరిపార చూశాడు. "మీరేం చేసేవారండీ?"

"మేష్టర్ని. తెలుగు చెప్పేవాణ్ణి."

"అయితే తెలీదులెండి. నేను యాభై ఏళ్లు నేశాను. చీర పట్టుకుని షావుకారు దగ్గరికి పోతే ఏమనేవాడో తెలుసా? అంచు లాగిందనేవాడు. రంగు దిగిందనేవాడు. ఒకసారి ఏ వంకా దొరక్క, మడత బాలేదన్నాడు! బాగుందని ఒక్కనాడు అన్లేదు. వంక పెట్టి తీసుకున్నాడు కూడాను. తీసుకునేవాడు వంక పెట్టాలండీ. అది తీసుకునేవాడి పెద్దరికం. దణ్ణం పెట్టి తీసుకున్నాడంటే వాడు కొనేవాడు కాదు, అడుక్కునేవాడు." గోడకేసి చూస్తూ అన్నాడు. "ఆమధ్య ఒక వ్యాను వచ్చింది లెండి. అన్నం ప్యాకెట్టు చేతిలో పెట్టి ఫొటో తీశారు. కంకిపాడు సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. మూడు నెలలుంది. ఎండకి నా మొహం వెలిసిపోయింది గాని, చేతిలో ప్యాకెట్టు మాత్రం వెలవలేదు."

మూర్తిగారు చౌడేశ్వరి ఇంటికి తిరిగొచ్చి, చాప చుట్టూ తిరిగి, పీట మీద కూర్చున్నారు. ఆవిడ అంట్లు బోర్లిస్తోంది.

"నిజం చెప్పమ్మా. ఏమిటిదంతా?"

చౌడేశ్వరి కేరేజీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టి, కొక్కేనికి తగిలించి, చెయ్యి తుడుచుకుని కూర్చుంది.

పుట్టింది నేతింట్లో, వచ్చింది నేతింటికి. పద్దెనిమిదేళ్లు నూలు కండెలు చుట్టింది. చుట్టీ చుట్టీ కుడిచేతి బొటనవేలు కొంచెం పక్కకి తిరిగిపోయింది. తరవాత పదకొండేళ్లు ఊరి బళ్లో మధ్యాహ్న భోజనం వండింది. పిల్లలు తగ్గి ఆ బడిని వేరే బడిలో కలిపేశాక ఆ పనీ పోయింది. వందమందికి వండే చెయ్యి ఇద్దరికి వండలేక నాలుగు రోజులు తిప్పలు పడిందట. "రోజూ గేదెకి పండగేనండీ," అంది.

సంఘం బియ్యం మొదటిసారి వచ్చినప్పుడు వండి, కేరేజీ పట్టుకుని పుల్లయ్య గుమ్మం ముందుకెళ్లింది. ఆయన తలుపు తియ్యలేదు. రెండు రోజుల నుంచి ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు లేదని ఆవిడకి తెలుసు. గోడ అవతలే మరి.

"అప్పుడు నాకు మా బడి గుర్తొచ్చిందండీ. పిల్లలకి పెట్టే ముందు హెడ్మాస్టరుగారు రుచి చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. రూలు. తలుపు బయట నుంచే అన్నాను, బాబాయిగారూ, ఇది మీకు పెట్టడానికి తేలేదు. వీధిలో పెట్టే ముందు పెద్దవాళ్లెవరైనా రుచి చూసి సంతకం చెయ్యాలంట, సంఘం వాళ్ల రూలు. మీరు చూడకపోతే పిల్లలకి ఆలస్యమైపోతుంది అని. తలుపు తీశారు. చూశారు. ఉప్పు తగ్గిందన్నారు."

"తగ్గిందా?"

"అన్నారు కదండీ. తగ్గినట్టే."

మర్నాడు అమలమ్మ తనకొద్దంది. అన్నం మెత్తగా ఉడికిందో లేదో పళ్లున్నవాళ్లకేం తెలుస్తుంది, మీరే చూడాలంది చౌడేశ్వరి. నాగదుర్గ మొగుడు దుర్గాశంకర్ పనికోసం పోయి, దొరికిన్నాడు దొరికి, దొరకనినాడు దొరకక తిప్పలు పడుతున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలతో ఆ పిల్లా తలుపేసుకుంది. పిల్లలకి కారం ఆగుతుందో లేదో చూసే పని ఆమెకిచ్చింది. ఒకరికి పులుపు, ఒకరికి పోపు. చివరింటాయనకి ఏదీ మిగలకపోతే, కేరేజీ మూతలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే పని ఇచ్చింది.

మూర్తిగారు వేళ్లు మడిచి లెక్కపెట్టారు. పద్దెనిమిది ఇళ్లు, పద్దెనిమిది ఉద్యోగాలు.

"మరి... తినేవాళ్లెవరమ్మా?"

"తినేవాళ్లెవరూ లేరండీ. అందరూ రుచి చూసేవాళ్లే."

మూర్తిగారు నవ్వబోయి ఆగిపోయారు. ఆయనకి తన బడిలో రుచి పుస్తకం గుర్తొచ్చింది. ఆయన చేసిందేమిటంటే, నెల మొదట్లో ఒకేసారి ముప్ఫై సంతకాలు పెట్టి పడేసేవారు, ఆదివారాలతో సహా. ఒకసారి తనిఖీకి వచ్చినాయన, "ఆదివారం కూడా రుచి చూశారా మాస్టారూ?" అని అడిగితే, "శ్రద్ధ అండీ," అన్నారు.

ప్యాంటు ఆరింది. తొడుక్కుని, పుస్తకం చౌడేశ్వరికి తిరిగిచ్చి బయల్దేరారు. బయల్దేరినవారు తిన్నగా బస్టాపుకి వెళ్లి ఉంటే ఈ కథ ఇక్కడ బాగానే ఉండేది. కుళాయి దగ్గర నాగదుర్గ కనిపించింది. అన్నం పెట్టిన పిల్ల. మేలు చేద్దామనిపించింది.

"చూడమ్మా, నేను సంఘం నుంచి వచ్చాను."

ఆ పిల్ల బిందె దించింది. "అయ్యో, మీరా సార్! నేను..."

"ఫర్వాలేదు. ఒక్క మాట. పుస్తకంలో ఒక్కసారి బాగుందని రాయి. వందనాలని రాస్తే ఇంకా మంచిది. లేకపోతే మావాళ్లు బియ్యం ఆపేసేలా ఉన్నారు. నీ పిల్లల కోసమే చెబుతున్నాను."

నాగదుర్గ తల వంచుకుని, "అలాగే సార్," అంది. ఎంత సులువుగా అయిపోయిందోనని ఆయన బస్సులో కునుకు కూడా తీశారు.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"మాస్టారండీ, దుర్గతో ఏమన్నారండీ మీరు?" చౌడేశ్వరి గొంతు పైకి లేవలేదు. లేచినా బాగుండేది. "నిన్న పుస్తకంలో 'చాలా బాగుంది, వందనములు' అని రాసింది. రాసి, కేరేజీ తిప్పి పంపేసింది. ఇవాళా అంతే. వందనాలు పెట్టాక ఇంకెలా తీసుకుంటాను పెద్దమ్మా అంటోంది. బాబాయిగారు పుస్తకం చదివారు. ఎవరు రాయించారని అడుగుతున్నారు. రేపు ఎన్ని కేరేజీలు తిరిగొస్తాయో నాకు తెలీదు."

మూర్తిగారి భార్య రమాసుందరి పక్కనే ఉండి వింది. "ఏమైందండీ?"

"మళ్లీ గుంటలో పడ్డాను," అన్నారాయన.

శుక్రవారం పొద్దున్నే వెళ్లారు. క్షమించమని అడుగుదామనుకున్నారు. కాని క్షమాపణ చెబితే ఏమవుతుందో దారంతా ఆలోచించారు. తప్పయింది, నువ్వు తీసుకోమ్మా అంటే, అదీ దానమే అవుతుంది. పైగా మేష్టారు బతిమాలి పెట్టిన దానం. వంట అయ్యేదాకా ఆగి, చౌడేశ్వరి దగ్గర కేరేజీ తీసుకుని, పుస్తకం చంకలో పెట్టుకుని, నాగదుర్గ గుమ్మం ముందు నిలబడ్డారు. లోపల పిల్లలిద్దరూ టీలో బన్ను ముంచుకు తింటున్నారు. బన్ను ఒకటే. పంపకం గురించి చర్చ నడుస్తోంది.

మూర్తిగారు హెడ్మాస్టరు గొంతు తెచ్చుకున్నారు. చాలా కాలమైంది, కొంచెం తుప్పు పట్టింది.

"నాగదుర్గా! ఇదేం పనమ్మా?"

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. "ఏంటి సార్?"

"బుధవారం కూర కారం చూసింది నువ్వేనా? 'చాలా బాగుంది' అని సంతకం పెట్టింది నువ్వేనా? నాలుక మీద పెట్టుకోకుండానే ఎలా పెట్టావు? కేరేజీ మూత తీసిన గుర్తే లేదట! చూడకుండా సంతకం పెట్టొచ్చా?"

"మీరే కదా సార్ రాయమ..."

"నేను సవాలక్ష చెబుతాను. నేను కారం చూసేవాణ్ణా? నువ్వా? వీధిలో ఎంతమంది పిల్లలున్నారు? ఎవరికైనా నోరు పొక్కితే ఎవరిది పూచీ?" ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. పుల్లయ్య అరుగు మీదికొచ్చాడు. మూర్తిగారి గొంతు హఠాత్తుగా తగ్గింది. "చూడకుండా సంతకాలు పెట్టడం ఏమిటో నాకు తెలుసు. నేను పద్నాలుగేళ్లు పెట్టాను. వంటమనిషి ఉప్పు వెయ్యడం మర్చిపోయిన రోజున కూడా నా సంతకం ఉంది. ఆ రోజు నూట అరవై మంది చప్పిడి తిన్నారు. ఎవరూ నన్నడగలేదు. నిన్నడగడానికి నేను వచ్చాను."

ఇది ఆయన అనుకుని వచ్చిన మాట కాదు. అనేశాక చెవులు ఎర్రబడ్డాయి. అమలమ్మ ఎవరితోనో, "అయ్యో, హెడ్మాస్టరై ఉండి!" అంది. ఈసారి గొంతు తగ్గించడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు.

నాగదుర్గ ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. ఏమనుకుందో గాని, కేరేజీ అందుకుంది. మూత తీసింది. వేలి చివరన కొంచెం కూర తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. వీధి వీధంతా ఆ పిల్ల నోటి వంకే చూస్తోంది.

"కారం సరిపోయింది సార్," అంది నాగదుర్గ. "ఉల్లిపాయ సరిగ్గా వేగలేదు."

"రాయి!" అన్నారు మూర్తిగారు, పుస్తకం చాపుతూ.

ఆమె రాసింది. రాసి, కేరేజీ తీసుకుని లోపలికి వెళ్లింది. లోపల బన్ను చర్చ ఆగిపోయింది.

అరుగు మీంచి పుల్లయ్య అన్నాడు. "చౌడమ్మా, నా కేరేజీ ఏదమ్మా? పొద్దెక్కుతోంది. ఇక్కడ పనున్నవాళ్లున్నారు!"

ఆదివారం మీటింగులో జయదేవ్ కాగితం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "మాస్టారూ, రెండు ముక్కల్లో చెప్పండి. ఉంచుదామా, మైలవరం పంపుదామా?"

మూర్తిగారు రెండు ముక్కల్లో చెప్పే మనిషి కాదు. పుస్తకం విప్పారు. "నాలుగో తేదీన అన్నం బిరుసు అని రాశారు. అయిదో తేదీన అన్నం ఊసు లేదు, అంటే సర్దారు. తొమ్మిదిన పులుపు. పదిన అది లేదు. మనం పంపే పప్పు పాతదని పదిహేడో తేదీన ముగ్గురు రాశారు. నేను వెళ్లి బస్తా చూశాను, పాతదే. మిగతా నాలుగు చోట్లకీ అదే పప్పు వెళ్లింది. వాళ్లు వందనాలు రాశారు. ఆ వీధిలో పద్దెనిమిది ఇళ్లవాళ్లు మన తిండిని రోజూ పరీక్ష చేసి పెడుతున్నారు జయదేవ్. ఇలాంటి పని చేసేవాళ్లు మనకి ఇంకెక్కడున్నారు?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నిజమంతా లేదు, అంతే. మిగతా నిజం నేతవీధిది. దాన్ని మీటింగులో చదవడానికి ఆయనకి హక్కు లేదు.

"అది సరే గాని మాస్టారూ, అంతగా వంక పెట్టేవాళ్లు..."

"ముందు మీరు చూడండి," అని మూర్తిగారు బల్ల కింద నుంచి కేరేజీ తీశారు. చౌడేశ్వరి పంపిన గుత్తివంకాయ కూర. అరిటాకు ముక్కల్లో అందరికీ వడ్డించారు. కార్యవర్గం కార్యవర్గమంతా ఆకులు తుడిచేసింది. జయదేవ్ వేళ్లు నాక్కుంటూ, నలుగురూ చూస్తున్నారని గుర్తొచ్చి, గంభీరంగా అన్నాడు.

"మసాలా ఒక్క పిసరు తగ్గించాలేమో మాస్టారూ."

మూర్తిగారు కలం మూత తీసి చేతికిచ్చారు. "రాసి సంతకం పెట్టండి."

జయదేవ్ రాశాడు. రాస్తూ పై గళ్లలో పుల్లయ్య రాసింది చదివి ఫక్కున నవ్వాడు. కార్తీకం దాకా బియ్యం నేతవీధికే వెళ్లాలనీ, పప్పు మార్చాలనీ, మైలవరానికి మరో పొయ్యి వెతకాలనీ తీర్మానం చేశారు.

కబురు ఫోన్లో చెప్పొచ్చు. కాని మూర్తిగారు మంగళవారం మళ్లీ బస్సెక్కారు. చౌడేశ్వరి ఇంట్లో చాప దగ్గర ఇటుక ముక్క పెట్టి, దాని మీద సుద్దతో 'సార్ జాగ్రత్త' అని రాయించి ఉంది. సంగతి విని ఆవిడ, "అట్లాగా అండీ," అంది. పొయ్యి వైపు తిరిగి, అక్కర్లేకపోయినా మంట ఎగదోసింది.

తరవాత కంచం పెట్టింది. దోసకాయ పప్పే. గుమ్మం దగ్గర కేరేజీల కోసం అందరూ ఉన్నారు. పుల్లయ్య, అమలమ్మ, పిల్లల్ని చెరో చంకనేసుకుని నాగదుర్గ, అందరూ ఈయన నోటి వంక చూస్తున్నారు. పప్పు పోయిన వారం కన్నా బాగుంది. మూర్తిగారు మారు వడ్డించుకున్నారు. మూడోసారీ వడ్డించుకున్నారు. కంచం అడుగు కనపడ్డాక, గొంతు సవరించుకుని, తన జీవితంలో మొదటిసారి చివరి బెంచీకి వినపడేలా ఒక అబద్ధం చెప్పారు.

"పప్పులో ఉప్పు తగ్గిందమ్మా."

గుమ్మం దగ్గర పుల్లయ్య తలాడించాడు. చౌడేశ్వరి గరిటె దించకుండానే అంది.

"ఇవాళ మీరు దోసకాయల్లో కాలు పెట్టలేదు కదండీ."